తొమ్మిది గుండీలు

కోడలు చేసిన తప్పు చేతకాక చేసింది కాదు. మరీ శుభ్రంగా పని చేయబట్టే ఆ తప్పు జరిగింది. ఆమె కడుపుమంటంతా అక్కడే.

ఆ ఇంట్లో ఆడవాళ్ళిద్దరూ సూది పట్టినవాళ్ళే. అత్తగారు ముప్ఫై ఏళ్ళు ఒక చొక్కాల దుకాణంలో కూర్చుని కాజాలు కుట్టింది. దగ్గరి చూపు మందగించాక సూది పక్కనపెట్టి మొక్కల మీద పడింది. కోడలు ఇంటి ముందుగదిలో మిషను వేసుకుని చొక్కాలు కుడుతుంది. ఇద్దరి మధ్యా నలిగే కొడుకు ఇంటింటికీ తిరిగి నీళ్ళ మీటర్లు చూసి రాసుకునే ఉద్యోగి. ఊళ్ళో వాళ్ళ మీటర్లన్నీ నోటికి వచ్చేవి గానీ, సొంత ఇంట్లో ఎవరి కోపం ఎంతవరకు వచ్చిందో మాత్రం అతనికి ఎప్పుడూ ఆఖర్నే తెలిసేది.

పాత ఇంట్లో పెరడు పెద్దది. ఇల్లు మారే హడావుడిలో రెండేళ్ళు ఏ విత్తనమూ వెయ్యలేదు. కొత్త ఇంట్లో వెనక ఉన్నదంతా గచ్చే. గోడవారగా పన్నెండు అడుగుల పొడుగు, నాలుగు అడుగుల వెడల్పు నేల మాత్రం దయతలచి వదిలారు. అందులో ఏం వెయ్యాలన్న మాట మీద ముగ్గురూ వారం రోజులు వాదించుకున్నారు. కొడుక్కి జామ కావాలి, అదీ లోపల గులాబీ రంగుదే కావాలి. కోడలికి గుత్తులుగా పూసే తీగ గులాబీ మీద మనసు. అత్తగారికి టమాటా ఉండాలి, బంతి ఉండాలి, పొట్టి బొప్పాయి ఒకటి ఉండాలి, వీటన్నిటికన్నా ముందు వంగ ఉండాలి.

"ఇంత చోటులో ఏ వంగని వేస్తావమ్మా? నీ దగ్గర తొమ్మిది రకాలున్నాయిగా," అన్నాడు కొడుకు.

"నాలుగు వేస్తాను. ఏ నాలుగో నేను చూసుకుంటాను," అంది అత్తగారు. కోడలు కొలతల కాగితం వెనక గీతలు గీసి, వంగకి నాలుగు అడుగులు వదిలి, తన గులాబీని మూలకి తోసింది.

అత్తగారి విత్తనాలు ఒక రేకు డబ్బాలో ఉంటాయి. ముక్క గుడ్డలతో కుట్టిన బొటనవేలంత సంచులు, ప్రతి సంచి మీద ఒక గుండీ. టమాటాలకి కోటు గుండీలు, పూలకి రంగు గుండీలు, వంగలకి మాత్రం తొమ్మిదింటికీ ఒకేలాంటి తెల్ల చొక్కా గుండీలు. మూతి కట్టిన దారం చుట్టుకోవడానికి పెట్టిందేమో అనుకునేది కోడలు. ఎన్నడూ అడగలేదు. అడిగి ఉంటే ఈ కథ లేదు.

ఒక మధ్యాహ్నం పని పీకల మీదికి వచ్చింది. ఒక హోటల్లో వడ్డించేవాళ్ళకి ఇరవై చొక్కాలు సాయంత్రానికల్లా ఇవ్వాలి. చివరి రెండు చొక్కాల దగ్గర చూసుకుంటే తొమ్మిది గుండీలు తక్కువ. గుండీల దుకాణం మూసి ఉంది. అత్తగారు లోపల కునుకు తీస్తోంది. కోడలికి రేకు డబ్బా గుర్తొచ్చింది. తెల్ల గుండీలు సరిగ్గా తొమ్మిది కనిపించేసరికి ఎవరో తన కోసమే లెక్కపెట్టి దాచినట్టు సంబరపడింది.

సన్న కత్తెరతో తొమ్మిదీ కోసింది. చెయ్యి తిరిగిన పనిమంతురాలు కదా, పోగు ముక్క కూడా మిగలకుండా లాగేసింది. సంచుల మూతులు గట్టిగా ముడివేసి, మళ్ళీ వరసలో సర్దింది. నేల మీద పడ్డ దారపు ముక్కలు ఊడ్చేసింది. చొక్కాలు వేళకి అందాయి.

మర్నాడు పొద్దున అత్తగారు నారు పోద్దామని డబ్బా ముందు వేసుకుని కూర్చుంది. ఒక సంచి మీద వేలు పెట్టి తడిమింది. ఇంకోటి తీసింది. ఇంకోటి.

"అమ్మాయ్, వీటి గుండీలేవి?"

"చొక్కాలకి వేసేశానత్తయ్యా. నిన్న తక్కువయ్యాయి. కొని తెచ్చి మళ్ళీ కుట్టేస్తాను, అచ్చం అలాంటివే."

"అలాంటివే కుడతావు. ఏ సంచికి ఏ కుట్టు వేస్తావు?"

కోడలికి అర్థం కాలేదు. అత్తగారు టమాటా సంచి ఒకటి తీసి ఆమె అరచేతిలో పెట్టింది. కోటు గుండీకి నాలుగు కన్నాలు. దారం ఆ కన్నాల్లోంచి గుణకారం గుర్తులా పోయింది. పక్క సంచి మీద రెండు నిలువు గీతల్లా ఉంది. ఇంకోదాని మీద నాలుగు పక్కలా గడిలా ఉంది. మరోదాని మీద కోడికాలులా విచ్చుకుంది. చిన్న అక్షరాలు కనిపించక, నాలుగేళ్ళ కిందట అత్తగారు పేర్లన్నీ కుట్లలోకి మార్చుకుంది. గుండీని బట్టి ఏ మొక్కో, కుట్టుని బట్టి ఏ రకమో ఆమె వేలికొసకి తెలుస్తుంది. కోడలు గుండీలు తీయలేదు, పేర్లు చెరిపేసింది. పోగు ముక్కైనా వదలలేదు.

 కోడలు పరుగున వెళ్ళి చెత్తబుట్ట తిరగేసింది. అది పొద్దున్నే ఖాళీ అయిపోయింది. సంచులు విప్పి గింజలు చూసింది. తొమ్మిదింట్లోనూ ఒకటే గింజ, పసుపు పచ్చగా, చదునుగా. వంగ గింజని చూసి వంగ అని చెప్పొచ్చు గానీ, ఏ వంగో చెప్పడం ఎవరి తరమూ కాదు.

"పోనీలే," అంది అత్తగారు. డబ్బా మూత పెట్టి లోపలికి వెళ్ళిపోయింది.

తిట్టి ఉంటే బాగుండేది. ఆ పోనీలే తర్వాత ఆమె కోడలితో మాట్లాడటం మానేసింది. అన్నం పెడితే తినేది, అడిగితే తల ఊపేది. నోరు మాత్రం మెదపలేదు.

సంగతంతా రాత్రి అన్నాల దగ్గర కొడుకు చెప్పాడు. ఆ తొమ్మిదింట్లో ఎనిమిది ఎక్కడైనా దొరుకుతాయి. ఒకటి దొరకదు. పదిహేడేళ్ళ కిందట పాత పెరట్లో దానంతట అదే మొలిచిన ఒక మొక్కకి తెల్లటి కాయ కాసింది. తొడిమ దగ్గర మొదలై సగం దాకా వచ్చి ఆగిపోయే సన్నటి ఊదా గీతలు, లేత తోలు, తక్కువ గింజలు. అప్పటినుంచి ప్రతి కాపులో అత్తగారు ఒక్క కాయని ఎంచి, దాని తొడిమకి ఎర్ర దారం కట్టి, కోయకుండా పండనిచ్చి, ఆ గింజలే మళ్ళీ వేసేది. గీతలు చెదిరితే ఆ కాయని వదిలేది. పదిహేడేళ్ళ ఎంపిక ఆ సంచిలో ఉంది. గింజలకి మూడేళ్ళు నిండాయి. ఈసారి మొలవకపోతే మరి మొలవవు.

"అమ్మ జీవితమంతా ఊరివాళ్ళ చొక్కాలకి కాజాలు కుట్టింది. తనది అని చెప్పుకోవడానికి ఉన్నది ఆ కాయే," అన్నాడు.

కోడలు కంచంలో చెయ్యి కడిగేసుకుంది. "తొమ్మిదీ వేస్తాను," అంది.

"చోటేదీ?"

"మీ జామ వచ్చే ఏడు. నా గులాబీ ఎప్పుడో ఒకప్పుడు."

కొడుకు జామ కోసం నోరు తెరవబోయి, భార్య మొహం చూసి కంచాలు ఎత్తాడు.

అయినా రెండు రోజుల తర్వాత అతను నర్సరీ నుంచి రంగు బొమ్మ ఉన్న ఒక విత్తనాల ప్యాకెట్టు తెచ్చాడు. బొమ్మలో తెల్ల వంకాయ మీద ఊదా గీతలు నిగనిగలాడుతున్నాయి. "అమ్మకి ఇదేనని చెబుదాం. కాయ ఇంకా పెద్దదిట."

కోడలు ప్యాకెట్టు తీసుకుని నేరుగా నర్సరీకి నడిచింది. "దీని కాయలోంచి గింజ తీసి వేస్తే మళ్ళీ ఇదే కాస్తుందా?" అని అడిగింది.

నర్సరీ ఆయన మంచివాడు, అబద్ధం చెప్పలేదు. "హైబ్రిడ్ అమ్మా. మొదటిసారే ఇలా కాస్తుంది. రెండోసారి ఏది పుడుతుందో చెప్పలేం." ప్యాకెట్టు వెనక్కి తీసుకుంటూ, ఆమె సంగతంతా విని, ఒక కిటుకు కూడా చెప్పాడు. తెల్ల వంగకి నారు కాడ ఆకుపచ్చగా ఉంటుంది, ఊదా కాడలు వచ్చినవి పీకెయ్యొచ్చు, చోటు కలిసొస్తుంది.

కోడలు తొమ్మిది దారపు డబ్బాలకి అడుగున కన్నాలు పొడిచి, మట్టి నింపి, ఒకటి నుంచి తొమ్మిది దాకా సుద్దతో అంకెలు వేసింది. ఒక్కో దాంట్లో ఆరేసి గింజలు. ఇంట్లో ఎండ బాగా పడేది ముందుగదిలో, కత్తిరింపు బల్ల ఉన్న కిటికీ దగ్గర. బల్లని చీకటి మూలకి ఈడ్చి అక్కడ డబ్బాలు పెట్టింది. పట్టపగలు దీపం వేసుకుని గుడ్డ కత్తిరించింది. కొలతలివ్వడానికి వచ్చినవాళ్ళు డబ్బాల మధ్య ఒంటికాలి మీద నిలబడి చేతులు చాపారు. అద్దంలో చూసుకోబోయి ఒకాయన మూడో డబ్బాని తన్నబోతే కోడలు కేకేసిన కేకకి ఆయన చొక్కా వద్దనుకున్నంత పని చేశాడు.

పన్నెండో రోజుకి మొలకలు తల ఎత్తాయి. ఎనిమిది డబ్బాల్లో మూడేసి, నాలుగేసి వచ్చాయి. ఏడో డబ్బాలో ఒక్కటే వచ్చింది.

నెల తిరిగేసరికి కాడల రంగు తేలింది. నాలుగు డబ్బాల్లో ఆకుపచ్చ, ఐదింట్లో ఊదా. కోడలు డబ్బాలన్నీ పెరట్లోకి తెచ్చుకుని చతికిలపడి, ఊదా కాడల డబ్బాలు పక్కకి జరిపింది. నర్సరీ ఆయన మాట నమ్మి మొదటి మొక్కని రెండు వేళ్ళతో పట్టుకుంది.

"అది పీకకు."

కోడలు తిరిగి చూసింది. గుమ్మంలో అత్తగారు. ఇన్నాళ్ళకి అదే మొదటి మాట.

"నా వంగకి కాడ ఊదాగానే ఉంటుంది," అంది అత్తగారు. "కాయ తెల్లగా కాసినా కాడ ఊదాయే. అందుకే అది ఇంకెక్కడా దొరకదు. పచ్చ కాడలవి తీసెయ్."

 కోడలి వేళ్ళు పట్టుకుని ఉన్నది ఏడో డబ్బాలోని ఒంటి మొక్కని. మెల్లగా వదిలింది. "ముందే చెప్పొచ్చు కదత్తయ్యా," అంది, కోపం ఆగలేదు.

"చెబితే ఏముంది. నువ్వు రెండు రోజులు చేసి మానేస్తావనుకున్నాను." అత్తగారు లోపలికి వెళ్ళలేదు. గచ్చు మీద పీట వేసుకుని కూర్చుంది. "లోతుగా పాతు. కాడ సగం మట్టిలోకి పోవాలి."

ఆ రోజు నుంచి మాటలు వచ్చాయి గానీ అవన్నీ మొక్కల మాటలే. నీళ్ళెక్కువయ్యాయి, బూడిద చల్లు, ఆకు వెనక చూడు. కోడలు తలూపేది, చేసేది. పూత మొదలవగానే పల్చటి లైనింగు గుడ్డతో వేలెడంత సంచులు కుట్టి పూలకి తొడిగింది, పక్క రకం పుప్పొడి తేనెటీగల కాళ్ళకి అంటుకుని వచ్చి పడకుండా. పుప్పొడి లోపలే రాలి కాయ కట్టేలా పొద్దున్నే ఒక్కో పూవునీ గోటితో చిన్నగా తట్టేది. పక్కింటావిడ గోడ మీంచి చూసి, మొక్కలకి చొక్కాలు కుడుతున్నావా అంది. కోడలు కొలతలు తీసుకున్నానని జవాబిచ్చింది.

మూడో నెలలో కాయలు దిగాయి. రెండో మొక్కది గుండ్రటి ఊదా. నాలుగోది పొడుగాటి ఊదా. ఐదోది నలుపు తిరిగిన ఊదా. తొమ్మిదోది మళ్ళీ గుండ్రటిదే. ఏడోది మాత్రం పూతే లేటు. పూసిన మొదటి రెండు పూలూ రాలిపోయాయి. ఇక అదొక్కటే మిగిలింది. అది కాయకపోతే ఆ రకం ఇక లేనట్టే. కోడలు పడుకునే ముందు కూడా ఒకసారి వెళ్ళి దాన్ని తడిమి వచ్చేది.

మూడో పూవు నిలిచింది. ఆ తర్వాత ఇంకో రెండు. వారానికి సంచులు బిగుతయ్యాయి. ఒక పొద్దున కోడలు పై సంచి దారం విప్పి లాగింది. తెల్లటి కాయ. తొడిమ దగ్గర సన్నటి ఊదా గీతలు మొదలై, కిందికి దిగి, సగంలో ఆగిపోయాయి.

కోడలు అక్కడే కూలబడి ఏడ్చింది. మిషను మీద ఇరవై ఏళ్ళు నడుం వంచినా రాని ఏడుపు అది. లోపలి నుంచి అత్తగారు వచ్చింది. వంగి, కాయ మీద వేలు పెట్టి, గీత ఆగిన చోట ఆపింది.

"అదే," అంది.

ఇద్దరూ మిగతా రెండు సంచులూ విప్పారు. మూడు కాయలూ మూడు రకాలుగా ఉన్నాయి. పైది పెద్దది, గీతలు ముదురు. మధ్యది చిన్నది. కిందది ఆకు చాటున పడి కాస్త వంకర తిరిగింది. విత్తనానికి ఒక్కటే ఉంచాలి, మొక్క బలమంతా దానికే పోవాలి. అత్తగారు కొంగు ముడి విప్పి జానెడు ఎర్ర దారం తీసింది. పదిహేడేళ్ళు ఆమె తప్ప ఎవరూ కట్టని దారం. దాన్ని కోడలి చేతిలో పెట్టింది.

"ఏదో నువ్వే చూడు."

కోడలు చాలాసేపు చూసింది. మూడింటినీ తిప్పి వెనక వైపు కూడా చూసింది. చివరికి మధ్య కాయ తొడిమకి దారం చుట్టింది.

"పైది పెద్దది కదమ్మా," అంది అత్తగారు.

"పెద్దదే. కానీ దాని గీతలన్నీ ఒక పక్కకే పోయాయి. ఇది చుట్టూ సమానంగా ఉంది."

"నేనైతే పైదానికి కట్టేదాన్ని."

కోడలు చెయ్యి వెనక్కి తీయలేదు. అత్తగారి వేళ్ళు ఆ ముడి మీదికి వెళ్ళాయి. విప్పేస్తుందనే అనుకుంది కోడలు. కానీ అత్తగారు దారం కొసలు రెండూ దొరకబుచ్చుకుని, కాజా కుట్టడం ముగించేటప్పుడు వేసినట్టు, దాని మీద ఇంకో ముడి వేసి బిగించింది.