అడ్డు రాని పిల్ల

ఆ లాండ్రీలో ఒక కట్టుబాటు ఉంది. ఎవరి బట్టలైనా సరే, జేబులు తడమకుండా మిషన్లో వెయ్యకూడదు. దొరికింది చిత్తు కాగితమైనా చెవి దిద్దైనా, చిన్న కవర్లో పెట్టి, ఉతికిన బట్టకే పిన్ను గుచ్చి తిరిగి ఇచ్చెయ్యాలి. ఆ జేబులు తడిమే పని ఆమెది. ఏడేళ్లలో ఆమె చేతికి దొరకని వస్తువు లేదు. పెళ్లి ఉంగరం, ఊడిన పన్ను, ఇవ్వడానికి ధైర్యం చాలక దాచుకున్న ప్రేమలేఖ, ఒకసారైతే సగం కొరికిన బిస్కట్టు. ఇస్త్రీ బల్ల దగ్గరుండే పెద్దాయన్ని ఆమె బాబాయ్ అని పిలుస్తుంది. "మా అమ్మాయి వేళ్లకి కళ్లున్నాయి" అని ఆయన వచ్చినవాళ్లందరికీ చెప్పి మురిసిపోతాడు.

అంత ఘనురాలూ ఆ శుక్రవారం తన జేబు తాను తడుముకోలేదు.

శుక్రవారం మధ్యాహ్నం ఆఖరి విడతలో పనివాళ్ల కోట్లు వేస్తారు. ఎవరి కోటు వాళ్లే విప్పి మిషన్లో పడేస్తారు. మన జేబులో ఏముందో మనకి తెలియదా అన్న ధీమా. ఊరందరి జేబుల్నీ జల్లెడ పట్టేవాళ్లకి సొంత జేబంటే అంత లోకువ. మిషను ఆగాక ఆమె తన కోటు తీసి దులిపితే తెల్లటి గుజ్జు ముద్దలు ముద్దలుగా రాలింది. ఆ గుజ్జు పది రోజులు కూర్చుని రాసుకున్న కాగితం. సాయంత్రం నాలుగు గంటల్లోపు ఆఫీసులో ఇచ్చెయ్యాల్సింది. అప్పుడు టైము రెండున్నర దాటింది.

ఆ కాగితం సంగతి చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి. ఆమె ఫార్మసీ చదువుతుండగా పెళ్లయింది. ఆఖరి సంవత్సరం మొదలవకముందే బిడ్డ పుట్టింది. బిడ్డకి ఏడాది నిండకముందే కట్టుకున్న పెద్దమనిషి చెప్పాపెట్టకుండా జారుకున్నాడు. ఆయనగారికి ఈ కథలో ఇంతకన్నా చోటు ఇవ్వక్కర్లేదు. బిడ్డని సంకనేసుకుని ఆమె లాండ్రీలో చేరింది, చదువు అక్కడే ఆగిపోయింది. రెండు నెలల క్రితం ఎవరిదో తెల్లకోటు జేబులో ఒక ప్రకటన దొరికింది. ఒంటరిగా పిల్లల్ని పెంచుకుంటూ ఆగిన చదువు మళ్లీ మొదలుపెట్టేవాళ్లకి సాయం చేస్తారట. కాలేజీ ఫీజు కడతారు, క్లాసులున్నంతసేపూ పిల్లల్ని చూసుకునే చోటికి కూడా కడతారు. కట్టుబాటు ప్రకారం ఆమె దాన్ని కవర్లో పెట్టి పిన్ను గుచ్చింది. గుచ్చేముందు మాత్రం రెండుసార్లు చదివింది.

దరఖాస్తుకి సర్టిఫికెట్లూ సంతకాలూ అన్నీ సమకూర్చి సంచిలో పెట్టుకుంది. వాటితో పాటు సొంత చేతిరాతతో ఒక పేజీ కావాలన్నారు. మళ్లీ ఎందుకు చదవాలనుకుంటున్నారు, సాయం ఎందుకు కావాలి, అని. ఆమెకి ఆ ఒక్క పేజీ ప్రాణం తోడేసింది. రోజూ సాయంత్రం రాయడం, కొట్టెయ్యడం, అన్నం తింటున్న కూతురికి పైకి చదివి వినిపించడం. చివరికి కుదిరింది. ఆ శుక్రవారం ఇంకొక్కసారి చూసుకుందామని సంచిలోంచి ఆ పేజీ ఒక్కటీ తీసి కోటు జేబులో పెట్టుకుంది.

ఆ కూతురికి ఎనిమిదేళ్లు. లాండ్రీలో అందరూ దాన్ని పిడుగు అంటారు. ఊరికే అనరు. ఇల్లు పీకి పందిరి వేసే రకం అది. బట్టల బుట్టలో దాక్కుని బాబాయ్ గుండెలు అదరగొట్టేది, పిన్నుల డబ్బా కింద పోసి వాటితో ఇల్లు కట్టేది. అలాంటిది ఈ మధ్య బడి నుంచి వచ్చి బెంచీ మీద బొమ్మలా కూర్చుంటోంది. మంచినీళ్లు కూడా లేచి తనే తెచ్చుకుంటోంది. "పిడుగుకి బుద్ధొచ్చిందే!" అని అందరూ ముక్కున వేలేసుకున్నారు. తల్లి కూడా పొంగిపోయింది, నా కష్టం దానికి అర్థమవుతోంది అనుకుంది.

సరే, ఆమె గుజ్జు చేతిలో పట్టుకుని నిలబడి ఉంది. ఒక్క అక్షరం కూడా మిగల్లేదు.

"మళ్లీ రాసెయ్యవే అమ్మాయ్" అన్నాడు బాబాయ్. "నీ బుర్రలో లేదా ఏం?"

"బుర్ర పనిచెయ్యట్లేదు బాబాయ్. మొదటి మాట కూడా గుర్తు రావట్లేదు."

"నాకొచ్చు" అంది బెంచీ మీది పిడుగు.

ఇద్దరూ దానివైపు తిరిగారు.

"మొత్తం వచ్చు. నేను చెప్తా, నువ్వు రాసుకో అమ్మా."

బాబాయ్ ఇస్త్రీ బల్ల ఖాళీ చేశాడు. షాపు పద్దుల పుస్తకంలోంచి గీతల్లేని కాగితం ఒకటి చింపి ఇచ్చాడు. ఆమె పెన్ను తీసుకుంది. పిడుగు లేచి నిలబడి, బడిలో పాఠం అప్పజెప్పినట్టు చేతులు కట్టుకుని, గుక్కతిప్పుకోకుండా మొదలుపెట్టింది.

"గౌరవనీయులైన అధికారులకు. నేను కష్టపడి చదువుతాను. ఒక్క క్లాసు కూడా మానను. నాకు ఎనిమిదేళ్ల పాప ఉంది. పాప వల్ల నా చదువుకి ఏ ఇబ్బందీ కలగదు. పాప చాలా బుద్ధిమంతురాలు. ఏదీ అడగదు. అల్లరి చెయ్యదు. తన పనులు తనే చేసుకుంటుంది. నా బిడ్డ నా చదువుకి అడ్డు రాదని మీకు హామీ ఇస్తున్నాను."

ఆమె మొదటి రెండు వాక్యాలు రాసింది. తర్వాత పెన్ను కదల్లేదు.

"పొల్లుపోకుండా ఎలా వచ్చే నీకు?" అని అడిగింది.

"రోజూ బళ్లో ఒకసారి లోపల్లోపల చెప్పుకుంటా. మర్చిపోతే తప్పు చేసేస్తానేమోనని."

"ఏం తప్పు?"

"అడ్డు రావడం." పిడుగు తల వంచుకుంది. "హామీ ఇచ్చావు కదమ్మా. నేను అల్లరి చేస్తే వాళ్లు డబ్బులివ్వరు కదా. అప్పుడు నా వల్లే కదా నీ చదువు పోతుంది."

బాబాయ్ ఇస్త్రీ పెట్టె నిలబెట్టి, పనేమీ లేకపోయినా కిటికీ దగ్గరికి వెళ్లాడు. ఆమె పెన్ను కింద పెట్టేసింది. ఇన్నాళ్లూ తను మురిసిపోయిన బుద్ధి అదన్నమాట. ఎవరో ముక్కూ మొహం తెలియని అధికారులకి ఆమె మాటిచ్చింది. ఆ మాట నిలబెట్టే బరువు మాత్రం ఈ రెండు చిన్న భుజాల మీద పడింది. ఆమె బల్ల చుట్టూ వచ్చి, కూతుర్ని లాక్కుని, వంగి దాని తల మీద గడ్డం ఆనించింది. ఏడవకూడదనుకుంది గానీ ఏడ్చింది.

"అమ్మా, టైమైపోతుంది" అంది పిడుగు, ఆమె నడుముకి మొహం ఆనించుకునే.

ఆమె కళ్లు తుడుచుకుని కాగితం తిరగేసింది. ఈసారి పది రోజులు పట్టలేదు, పది నిమిషాలు కూడా పట్టలేదు.

"అయ్యా, అమ్మా. నాకు ఎనిమిదేళ్ల కూతురుంది. అది నా చదువుకి అడ్డు వస్తుంది. జ్వరమొస్తే నన్ను వదలదు. ఆకలేస్తే ఆగదు. నేను పుస్తకం తీస్తే దానికి ఏవో కబుర్లు గుర్తొస్తాయి. ఎనిమిదేళ్ల పిల్ల అడ్డు రావాలి. రాకపోతేనే నాకు భయం. అది అడ్డొచ్చిన గంటలో కూడా నా చదువు ఆగకూడదనే మీ సాయం అడుగుతున్నాను. అది లేకపోతే చదువు నాకెప్పుడో అయిపోయేది. అది ఉంది కాబట్టే మళ్లీ చదవాలనిపించింది. రెండూ నిజమే."

బాబాయ్ తిరిగొచ్చి కాగితం చదివాడు. పని అలవాటు కొద్దీ దాని మీద గుడ్డ పరిచి, మడత రాకుండా వేడి ఇస్త్రీ పెట్టె ఒక్కసారి లాగి ఇచ్చాడు. "జేబులో పెట్టకు తల్లీ, చేత్తో పట్టుకో" అన్నాడు.

ఆఫీసు నాలుగు వీధుల అవతల. భుజాన సర్టిఫికెట్ల సంచి, ఒక చేత్తో కాగితం, ఇంకో చేత్తో కూతురు, ఆమె పరుగులాంటి నడక నడిచింది. పిడుగు కాస్త వెనకబడింది. "ఏమే, కుంటుతున్నావు?" అని అడిగితే, "ఏం లేదు, వస్తున్నా" అంది. ఆ హడావుడిలో ఆమె ఆగి చూడలేదు.

కిటికీ వెనక గుమాస్తా కళ్లజోడు ముక్కు చివరికి జార్చుకుని పేజీ అంతా చదివాడు.

"ఏమ్మా, ఇక్కడ పొరపాటు పడ్డట్టుంది. పిల్ల అడ్డు వస్తుంది అని రాశారు. అందరూ రాదనే రాస్తారు."

"పొరపాటు కాదండీ. వస్తుంది."

ఆయన కళ్లజోడు పైనుంచి, కిటికీ అంచు దాకా అందని పిడుగుని వంగి చూశాడు. పిడుగు భయంగా తల్లి వెనక్కి జరిగింది. ఆయన ముద్ర వేసి లోపల పెట్టుకున్నాడు.

మూడు వారాలు ఆమెకి ముళ్ల మీద కూర్చున్నట్టు గడిచాయి. అలా రాసి చేజేతులా పోగొట్టుకున్నానా అని ఒకరోజు, పోతే పోయిందిలే, అబద్ధమైతే రాయలేదుగా అని ఇంకోరోజు. ఉత్తరం లాండ్రీకే వచ్చింది. సాయం మంజూరైంది, ఫీజూ, పిల్లని చూసుకునే చోటూ రెండూ. బాబాయ్ ఆ ఉత్తరాన్ని కవర్లో పెట్టి ఆమె కోటుకి పిన్ను గుచ్చాడు. రోజంతా దాన్ని గుండెల మీద తగిలించుకునే ఆమె జేబులు తడిమింది.

ఆ మధ్యాహ్నమే కూతురికి చెప్పింది, "ఇక నువ్వు ఎంత అడ్డొచ్చినా ఫరవాలేదు, రాసిచ్చేశాను" అని. పిడుగు తలూపింది. కానీ పిల్లలు ఒక్క పూటలో మారరు. ఆరోజు కూడా మంచినీళ్లు అదే లేచి తెచ్చుకుంది.

కాలేజీ మొదటి రోజు పొద్దున్న, ఆమె కూతుర్ని బడి గేటు దగ్గర దింపింది. తొమ్మిదిన్నరకి క్లాసు, ఇంక పావుగంటే ఉంది. ముద్దుపెట్టి నాలుగడుగులు వేసింది.

"అమ్మా."

తిరిగి చూసింది. పిడుగు గేటు చువ్వ పట్టుకుని ఒంటికాలి మీద నిలబడి ఉంది. చెప్పాలా వద్దా అని తనలో తను కొట్టుకుంటున్నట్టు పెదవి కొరుక్కుంటోంది.

"బూట్లు బిగుతుగా ఉన్నాయమ్మా. కాళ్లు నొప్పెడుతున్నాయి."

ఆమె వెనక్కి వచ్చి రోడ్డు మీదే మోకాళ్ల మీద కూర్చుంది. బూటు విప్పింది. మడమ వెనక పుండు పడి, మాని, మళ్లీ చిట్లిన గుర్తులు. వేళ్లు ముడుచుకుని ముడుచుకుని ఎర్రగా ఒరుసుకుపోయాయి.

"ఎప్పట్నుంచే?"

"నువ్వు కాగితం రాయడం మొదలెట్టినప్పట్నుంచి."

ఆమె చేతిరుమాలు రెండుగా చింపి రెండు మడమలకీ కట్టింది. బూట్ల వెనక అంచులు లోపలికి తొక్కి చెప్పుల్లా చేసి తొడిగింది. "సాయంత్రం మనం కొత్తవి కొనుక్కుంటాం. నువ్వే ఎంచుకో" అంది.

"ఎర్రవి కొంటావా? వెలిగేవి?"

"వెలిగేవే."

"నీకు క్లాసు లేటవుతోందమ్మా."

"అవనీ."

పిడుగు తల్లి మొహంలోకి పరీక్షగా చూసింది. కోపం ఎక్కడా కనిపించలేదు కాబోలు, ఒక్కసారిగా మెడకి వేలాడి, "ఇంకో ముద్దు పెట్టు, ఇందాకటిది సరిగ్గా పడలేదు" అని పేచీ పెట్టింది. తర్వాత టపటపా చప్పుడు చేసుకుంటూ, దారిలో ఇద్దర్ని గుద్దుకుంటూ లోపలికి పరిగెత్తింది.

ఆమె క్లాసుకి చేరేసరికి తొమ్మిదిముప్పావు. పాతికమంది పిల్లలు, అందరూ ఆమెకన్నా చిన్నవాళ్లు, తలలు తిప్పి చూశారు. బోర్డు దగ్గరున్న లెక్చరరు మేడమ్ సుద్దముక్క ఆపి, "మొదటి రోజే ఆలస్యమా? ఏమైంది?" అంది.

ఆమె ఆయాసం తీర్చుకుంది. పెదవుల మీదికి నవ్వు దానంతటదే వచ్చింది.

"మా అమ్మాయి అడ్డొచ్చిందండీ" అంది.