రోజా గీసిన నాలుగో బొమ్మ

నేను ఒక చంద్రికను. పేరు విని వెన్నెలలాంటిదాన్ని అనుకునేరు, అంత లేదు. ఉత్త వెదురు తడికను. హిందూపురం దగ్గర మేదరి తిప్పన్న నా ఒంటినిండా వెదురుబద్దను చుట్టలు చుట్టలుగా అల్లాడు. పండిన పట్టుపురుగులను తెచ్చి ఆ సందుల్లో వదిలితే అక్కడే గూళ్ళు కట్టుకుంటాయి. హనుమంతరాయప్ప షెడ్డులో పదేళ్ళు ఆ ఊడిగమే చేశాను. గూళ్ళు గట్టిపడగానే అన్నీ ఏరి బస్తాలకెత్తి పంపేసేవారు. లోపలి పురుగు చివరికి ఏమవుతుందో, ఒట్టు, నాకూ తెలియదు.

బడికి వెళ్ళాకే తెలిసింది.

ఆ ఊరి బడికి గోదావరి వైపు నుంచి సుభాషిణి టీచరు కొత్తగా వచ్చింది. నాలుగో తరగతి పిల్లలను పట్టుపురుగు జీవితచక్రం గీయమందట. గుడ్డు, పురుగు, గూడు రోజా అనే పిల్ల చక్కగా గీసింది. నాలుగో బొమ్మకు వచ్చేసరికి పొగలు కక్కే బాన గీసి, అందులో రెండు చేతులు పెట్టింది. వాళ్ళమ్మ కెంచమ్మది దారం తీసే షెడ్డులో పని. గూళ్ళను లోపలి పురుగులతో సహా ఉడుకునీళ్ళలో వేసి, చేతులు ముంచి పోగు అందుకోవాలి.

"ఇదేంటమ్మా? రెక్కలొచ్చి ఎగిరిపోవాలి కదా!" అంటూ టీచరు ఇంత సున్నా చుట్టింది.

"యా పురుక్కీ రెక్కలు రావు టీచర్. కావాలంటే మాయమ్మనడగండి," అంది రోజా, కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ.

టీచరు మనసు చివుక్కుమంది. సున్నా పెట్టినందుకు కాదు సుమండీ, పట్టు పండించే ఊళ్ళో పిల్లలకు రెక్కల సంగతే తెలియనందుకు. ఆ సాయంత్రమే హనుమంతరాయప్పను బతిమాలి, ఒక మూల విరిగిన నన్ను పన్నెండు గూళ్ళతో సహా తరగతిగదికి తెచ్చుకుంది. "వీటిని ఎవరూ ఉడకబెట్టరు. మీ కళ్ళముందే ఎగిరిపోతాయి చూడండి," అని పిల్లలకు మాటిచ్చింది. రోజా ఒక గూడు పక్కన నా బద్దకు ఎర్రదారం కట్టి, "ఇది నాది" అంది. రోజూ గంట కొట్టకముందే వచ్చి దానికి చెవి ఆనించేది. నాకూ ఆశ పుట్టింది, దాచడమెందుకు? ఒక్కటంటే ఒక్కటి నా మీదినుంచి ఎగరాలని.

పదకొండో రోజు పొద్దున రోజా గూడు తడిసి, చిల్లు పడి, తెల్లటి రెక్కల పురుగు పాకుతూ బయటికి వచ్చింది. ఇక చూడండి పిల్లల కేకలు! కిటికీలు బార్లా తీశారు. రోజా దాన్ని అరచేతిలోకి ఎక్కించుకుని చెయ్యి బయటికి చాచింది. పురుగు రెక్కలు టపటపా కొట్టుకుంది. అంతే. మెల్లగా పైకి ఎగరేస్తే కింద పడింది. మళ్ళీ తెచ్చి నా మీద పెట్టి, లేత మల్బరీ ఆకు అందించింది. ముట్టలేదు.

టీచరు ఫోనులో వెతికి చూసింది. "దానికి తినే నోరే ఉండదట తల్లీ. మనుషులు వేల ఏళ్ళుగా పెంచీ పెంచీ ఎగరడం కూడా పోయిందట." పాపం, ఆవిడ పుస్తకంలో బొమ్మను నమ్మింది.

"మరి బైటికి ఎందుకొచ్చింది టీచర్?"

ఆవిడ లేచి కిటికీలు మూసింది. వారం తిరగకుండా మిగతావీ బయటికొచ్చి, గుడ్లు పెట్టేవి గుడ్లు పెట్టి, పన్నెండూ రాలిపోయాయి. నాకు ఏడుపొచ్చింది. వెదురుకు కన్నీళ్ళెక్కడివి?

ఆ ఏడాదే టీచరుకు బదిలీ అయింది. అయిదో తరగతితో రోజా బడి మానేసింది. నేను మూడేళ్ళు బీరువా వెనక దుమ్ము తిన్నాను. నిన్న గది దులిపినవాళ్ళు నన్ను దారం తీసే షెడ్డుకు వంటచెరకుగా తోలేశారు. బాన కింద పొయ్యి, పొయ్యి పక్కన నేను. కట్టెల కోసం వంగిన పిల్ల చేతికి వెలిసిపోయిన ఎర్రదారం తగిలింది.

"అమ్మా, ఇది మా బళ్ళోది."

"అయితే ఏమే? లోపలికి తొయ్యి, నీళ్ళు సల్లారిపోతాండాయి," అంది కెంచమ్మ.

రోజా నన్ను కాసేపు పట్టుకుంది. వేళ్ళు తెల్లగా నాని, ఉబ్బి ఉన్నాయి. తర్వాత మోకాలికి ఆనించి ఫెళ్ళున విరిచి, పొయ్యిలో పెట్టి, చేతులు బానలో ముంచింది.

మంట ఇంకా సగం దాకే వచ్చింది కాబట్టి ఈ నాలుగు ముక్కలూ చెప్పగలుగుతున్నాను. ఇక్కణ్ణుంచి చూస్తే పొగలు కక్కే బాన, అందులో రెండు చేతులు. అచ్చం ఆ బొమ్మే. పిల్ల సరిగ్గానే గీసింది. ఆ చేతులు ఎవరివో మాత్రం అప్పటికి దానికి తెలియదు.