పేము కుర్చీ, సాయంత్రపు ఎండ

ఎండ.

నాలుగు దాటాక మధురానగర్ మేడ మీది గదిలోకి వచ్చే పల్చటి ఎండ… పేము అల్లికలోంచి జారి, గళ్ళు గళ్ళుగా నేల మీద పరుచుకునేది.

ఆ గళ్ళలో పాదాలు పెట్టుకుని కూర్చునేది సుమశ్రీ.

అమీర్‌పేటలో కంప్యూటర్ పాఠాలు చెప్పి చెప్పి, గొంతు బొంగురుపోయి ఇల్లు చేరేది. వీధి పొడుగునా కోర్సుల బోర్డులే. ఊరంతా ఉద్యోగాల వెంట పరుగు… తను మాత్రం ఆదివారం వస్తే చాలు, పంజాగుట్ట సందుల్లో పాత సామాన్ల కొట్ల వెంట పడేది.

అదేం పిచ్చో! ఎవరి పిచ్చి వారికి ఆనందం అన్నారు కదా.

ఒకసారి తెల్ల కాగితపు దీపం దొరికింది. ఇంకోసారి, ఎవరు వేశారో తెలియని బొమ్మ — నల్లటి నలుపు మీద ఒకే ఒక్క ఎర్ర గీత. ఇదేం బొమ్మమ్మా అని ఎవరైనా అడిగితే చెప్పలేకపోయేది. గోడకు తగిలించి చూస్తే మనసు కుదుటపడేది, అంతే.

ఆ తర్వాత, కుర్చీ.

ఫక్రుద్దీన్ కొట్లో, సొట్టలు పడిన బీరువాల వెనక, దుమ్ములో.

నెమలి చెక్కడం లేదు. సింహం తల లేదు. బంగారు పూత లేదు. టేకు కర్ర కాలుగా లేచి, మెల్లగా వంగి, చెయ్యిగా మారి, మళ్ళీ కాలై నేలకు దిగింది. ఎవరో ఒక మనిషి, అక్కర్లేనిదంతా తీసేసి తీసేసి, మిగిలినదాన్ని ప్రేమించాడు.

"జర కూసోని చూడమ్మా," అన్నాడు ఫక్రుద్దీన్. "గిట్లాంటిది మళ్ల దొరకదు."

కూర్చుంది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. కుర్చీకి ఏడుపేమిటి, విడ్డూరం కాకపోతే! కానీ ఆ ఊళ్ళో మొదటిసారి ఎవరో "వచ్చావా, కూర్చో" అన్నట్టయింది.

ఇంట్లో తను తనలా ఉండే చోటు — అదొక్కటే.

భర్త తారక్ చెడ్డవాడా? అయ్యో, మేలిమి బంగారం. కొత్త సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఆఫీసు వాళ్ళు ఇంటికొచ్చి, ఆ కుర్చీ చూసి, "ఏంటి బాస్, వేలంలో కొన్నావా?" అని నవ్వారు. అతనికి తల కొట్టేసినట్టయింది. పాపం, నా భార్య పాత సామాన్లతో సర్దుకుపోతోంది అనుకున్నాడు.

అనుకుని ఊరుకున్నా బాగుండేది…

ఆమె పుట్టినరోజుకి పంజాగుట్టలో ఎక్స్‌చేంజ్ మేళా. పాతది ఇవ్వండి, కొత్త సోఫా పట్టుకెళ్ళండి!

ఇచ్చాడు. పట్టుకొచ్చాడు.

సాయంత్రం ఆమె గుమ్మంలోకి రాగానే, వెనకనుంచి కళ్ళు మూసి, లోపలికి నడిపించి, చేతులు తీశాడు.

మెరూన్ రెక్సిన్. చేతుల మీద నెమళ్ళు. అంచుల వెంట బంగారు రంగు. మాసిపోకుండా, ప్లాస్టిక్ కవరు కూడా తియ్యలేదు.

"పంజాగుట్ట మేళాలో ఆ పాత కుర్చీ ఇచ్చేసి తెచ్చా! ఏంటి సుమా, అలా నిలబడిపోయావ్?"

"పాలు లేవండీ. తెస్తాను," అంది. మెట్లు దిగి ఆటో ఎక్కింది.

మేళా షాపు గేటు దగ్గర వాచ్‌మన్ రాజనర్సయ్య.

"గా పాతవా అమ్మా? లారీల పోయినయ్. కోసి కట్టెలకు అమ్ముతరు. ఫంక్షన్ హాళ్ళల్ల బిర్యానీ పొయ్యిలకు."

"టేకు కుర్చీ… పేముది…"

"టేకైతే మస్తు మండుతది," అన్నాడు, మంచి మాట చెబుతున్నట్టు.

తిరుగు ఆటోలో దారంతా కోపం. నన్ను అడగాలి కదా! ఒక్క మాట అడగాలి కదా! ఇల్లు చేరేదాకా అవే మాటలు నోట్లో నమిలింది. ఇవాళ అనకపోతే ఇక ఎప్పటికీ అనలేనని ఆమెకు తెలుసు.

తలుపు తీసింది. తారక్ సోఫా అంచున కూర్చుని ఉన్నాడు — ముందు ఆమె కూర్చోవాలని, తను ఆనకుండా, అంచునే. మొహం నిండా ఆశ.



"బావుందండీ," అంది.

కూర్చుంది. ప్లాస్టిక్ చల్లగా అంటుకుంది.

"నీకు నచ్చుతుందని నాకు తెలుసు సుమా!" పొంగిపోయాడు. "మేళా ఇంకా ఉంది. ఇంకేం ఇచ్చేద్దామో నువ్వే చెప్పు."

చివరి ఎండ నేల మీద సాఫీగా పడి ఉంది. ఒక్క గడి లేదు…

ఆమె గోడ మీది బొమ్మ వైపు చూడలేదు.

చూస్తే, అతనూ అటే చూస్తాడు.