అక్క కోసం వండిన గిన్నెడు జావ

రోజూ తెల్లారేసరికి బేకరీలో మొదటి విడత బన్నులు పొయ్యిలోంచి బయటికొస్తాయి. తమ్ముడు వాటిమీద కరిగిన వెన్న పూసి, చిటికెడు నువ్వులు చల్లుతాడు. ముప్పై ఏళ్ళుగా అదే చెయ్యి, అదే చిటికెడు. అక్క కౌంటర్ వెనక కూర్చుంటుంది. ఆమెకి యాభై ఎనిమిది, అతనికి యాభై నాలుగు. ఆమె పెళ్ళే చేసుకోలేదు. అతని భార్య పోయి రెండేళ్ళయింది. అతను షాపు వెనక గదిలో ఉంటాడు, ఆమె అదే బిల్డింగులో మూడో అంతస్తులో ఉంటుంది. నలభై ఆరు మెట్లెక్కితే ఒక గది, రెండు కిటికీలు, కిటికీల్లోంచి రైళ్ళు. ఆ గదంటే ఆమెకి ప్రాణం. "నన్నిక్కణ్ణించి కదపాలంటే ఆ ఇంజనే వచ్చి లాగాలి" అనేది.

ఈమధ్య అనడం మానేసింది.

ఆర్నెల్ల కిందట ఓ పొద్దున్న షాపు గుమ్మంలో కాలు జారి పడింది. మొహం పోయి కౌంటర్ అంచుకి కొట్టుకుని, ముందు పళ్ళు రెండు ఊడిపోయాయి. "చెప్పులు అరిగిపోయాయి కదక్కా, చూసుకోవద్దూ?" అన్నాడు తమ్ముడు. ఆమె ఆ చెప్పుల్ని ఆ రోజే పారేసింది. కొత్తవి వచ్చినా కాళ్ళమీద నమ్మకం మాత్రం తిరిగి రాలేదు. ఒకటీ, రెండూ అని పైకే లెక్కపెట్టుకుంటూ, కమ్మీ పట్టుకుని మెట్లెక్కడం మొదలుపెట్టింది. ఆఖరికి, గది ఖాళీ చేసి కింద తమ్ముడి గదిలోనే ఉంటానని ఇంటి ఓనరుకి ఉత్తరం కూడా రాసిపెట్టుకుంది.

నిజానికి పాపం ఆ చెప్పులేం చెయ్యలేదు. గుమ్మంలో వెన్న ఒలికింది. ఒలకబోసింది తమ్ముడు. ఆ సంగతి అతనికి తప్ప ఇంకెవరికీ తెలీదు.

ఆర్నెల్లు ఎలా దాచాడూ అంటారా? ఆ వీధిలో ఎవరైనా మనసులో ఏదో దాచుకుని ఒక మనిషి కోసం వండితే, ఆ వంట బరువెక్కుతుంది. పాలు పొంగినట్టే అదీనూ, ఎవరూ పట్టించుకోరు. కాకపోతే ఒక్కరి కోసం వండితేనే అలా అవుతుంది, నలుగురికీ చేసింది మామూలుగానే ఉంటుంది. అక్క రెండు పూటలా షాపు రొట్టే తినేది కాబట్టి తమ్ముడు బతికిపోయాడు.

పళ్ళ డాక్టరమ్మ అతని కొంప ముంచింది.

అక్క దవడ ఎముకలో ఆవిడ రెండు స్క్రూలు బిగించి చిగుళ్ళకి కుట్లేసింది. "ఎముక వీటిని గట్టిగా పట్టుకోవడానికి నాలుగు నెలలు పడుతుంది. అప్పుడు పైన పళ్ళు తొడుగుతాను. ఎనిమిదో రోజున కుట్లు విప్పుతాను. అందాకా మెత్తటివే. వేడి వద్దు, కారం వద్దు, కరకరలాడేవి వద్దు, గింజలసలే వద్దు. స్ట్రాతో పీల్చొద్దు, గాయం మీద కట్టిన రక్తపు గడ్డ ఊడొస్తుంది. అలాగని కడుపు మాడ్చుకోకండి, తినకపోతే గాయం మానదు" అంది.

"మరి బన్ను?" అన్నాడు తమ్ముడు.

"బన్ను పేరెత్తకండి. ఆవిడకి విడిగా వండండి."

విడిగా! అంటే అక్క ఒక్కదాని కోసం.

మొదటిరోజు ఓట్స్ జావ కాచి, వడగట్టి, చల్లార్చి తీసుకెళ్ళాడు. మూడో అంతస్తుకి చేరేసరికి గిన్నె నిండు బిందెలా చెయ్యి లాగేస్తోంది. అక్క మూత తీసి చూసి, పెదాలు కదపకుండానే కసిరింది.

"ఏంట్రా ఇది? నా కుట్లలో నువ్వులు నాటుతావా?"

చూస్తే జావ మీద చిటికెడు నువ్వులున్నాయి. వెధవ చెయ్యి! తమ్ముడు నాలుక్కరుచుకుని, గిన్నె మోసుకుంటూ కిందకి దిగి, మళ్ళీ కాచి, మళ్ళీ మోసుకొచ్చాడు. అక్క చెంచా రెండు చేతులతో ఎత్తి తాగింది. బరువు గురించి ఏమీ అడగలేదు. అడిగితే బాగుండునని అతనికి అనిపించింది, అడక్కుండా ఉంటే చాలనీ అనిపించింది.

రెండోరోజు పాలు పోసి మెదిపిన బంగాళాదుంప. మూడోరోజు అరటిపండు పెరుగులో గిలక్కొట్టాడు. నాలుగోరోజు గుడ్డు మెత్తగా ఉడికించి చిదిమాడు. రెండో అంతస్తులో టైలరమ్మ మిషను ఆపి, ఆయాసపడుతున్న అతన్ని తొంగి చూసింది. "అంత బరువెక్కిందేంటయ్యా! కాసేపు ఇక్కడ దింపుకో" అని స్టూలు జరిపి, మళ్ళీ మిషను తొక్కుకుంది. ఐదోరోజు పిండి తూచే కాటాలో గిన్నె పెడితే తొమ్మిది కిలోలు చూపించింది. లోపల ఉన్నది పావుకిలో జావ.

పైన అక్క చిక్కిపోతోంది. గిన్నెడు తెస్తే సగం, తర్వాత నాలుగు చెంచాలు, ఆరోరోజున రెండే. అంతకుమించి ఎత్తలేకపోయింది. నా మూలంగా పళ్ళు పోయాయి, ఇప్పుడు నా మూలంగా తిండీ పోతోంది అనుకున్నాడు తమ్ముడు. రోజూ మెట్ల కింద నిలబడి ఈరోజు చెప్పేస్తా అనుకునేవాడు. పైకెళ్ళాక గిన్నె పెట్టేసి దిగొచ్చేవాడు.

ఏడోరోజు మధ్యాహ్నం గుమ్మడికాయ సూప్. మైదా బస్తాలు మోసిన భుజమ్మీదకి గిన్నె ఎత్తుకుని, పంటి బిగువున నలభై ఆరు మెట్లూ ఎక్కాడు. గిన్నె పెడితే బల్ల కిర్రుమంది. అక్క రెండు చేతులా చెంచా పట్టుకుంది. లేవలేదు. ఇంకోసారి ప్రయత్నించి వదిలేసింది. బల్ల చివర ఓనరుకి ఇవ్వాల్సిన కవరు ఉంది.

"నాకు తెలుసులేరా" అంది. "నేను కిందకొచ్చి నీ గదిలో ఉండటం నీకిష్టం లేదు. మొహమ్మీద చెప్పలేక దాచుకుంటున్నావు. పోనీ, ఏదైనా వృద్ధాశ్రమం చూడు. ఏమీ అనుకోను."

ఆ మాటతో తమ్ముడికి ఏడుపొచ్చేసింది.

"చెప్పులు కాదక్కా! వెన్న. గుమ్మంలో నేనే ఒలకబోశాను. తుడుద్దామనుకునేలోగా పొయ్యిలో ట్రే మాడిపోతుంటే లోపలికి పరిగెత్తాను. నువ్వు పడ్డావు. నోటినిండా రక్తంతో నువ్వు చెయ్యి చాపావు. నేను... నేను ముందు గుడ్డ తీసుకుని వెన్న తుడిచాను. ఆ తర్వాతే నిన్ను లేపాను."

అక్క కిటికీ వైపు తిరిగింది. ఒక గూడ్సు బండి మొత్తం వెళ్ళిపోయేదాకా అటే చూసింది. తర్వాత చెంచా పట్టుకుంది. కొంచెం లేచి, మళ్ళీ గిన్నెలో పడింది.

"ఇంకా ఉంది. చెప్పు."

"ఇంకేం లేదక్కా."

"ఆకలేస్తోందిరా. చెప్పు."

తమ్ముడు తల దించుకున్నాడు. "నువ్వు మెట్లు లెక్కపెట్టుకోవడం వింటూనే ఉన్నాను. ఎన్నోసార్లు చెబుదామనుకున్నాను. చెప్తే నువ్వు ఇక్కడే ఉండిపోతావు. కింద ఒక్కణ్ణే ఉండలేకపోతున్నానక్కా. నీకు భయమేస్తే నా దగ్గరికొస్తావని ఊరుకున్నాను."

చెంచా చటుక్కున లేచింది. అంత బలంగా పట్టుకుని ఉందేమో, సూప్ చిందింది. అక్క చీర మీద చుక్కలు కూడా చూసుకోకుండా తాగింది, ఆపకుండా తాగింది, గిన్నె వంచి అడుగు నాకేదాకా తాగింది. కళ్ళలోంచి నీళ్ళు కారుతూనే ఉన్నాయి. అప్పుడు కవరు తీసి నాలుగు ముక్కలు చేసి, ఖాళీ గిన్నెలో పడేసింది.

"తీసుకుపో."

"అక్కా, తప్పయిపోయింది. తిట్టు, పోనీ కొట్టు..."

"నవ్వినా ఏడ్చినా కుట్లు లాగుతున్నాయి. తిట్టే ఓపిక లేదు. పళ్ళు తొడిగాక మాట్లాడతా నీతో. రేపు గుడ్డు చెయ్యి, మెత్తగా."

గిన్నె అతని చేతిలో మామూలు గిన్నెలాగే ఉంది. అతనికి మాత్రం దిగుతున్న ప్రతి మెట్టూ బరువుగానే ఉంది.

కుట్లు విప్పిన మర్నాడు తెల్లవారుజామున తమ్ముడు బన్నుల జోలికి పోకముందే గుమ్మం రెండుసార్లు తుడిచాడు, మోకాళ్ళమీద కూర్చుని అరచేత్తో రాసి చూసుకున్నాడు. పైనుంచి చెప్పుల చప్పుడు వినిపించింది. లెక్క వినబడలేదు. నలభై ఆరు మెట్లూ ఎక్కడా ఆగకుండా దిగొచ్చింది అక్క. గుమ్మం దగ్గర కిందకోసారి చూసి, మోకాళ్ళమీదున్న అతన్ని దాటుకుని వెళ్ళి, కౌంటర్ వెనక తన కుర్చీలో కూర్చుంది.

మాట్లాడలేదు. నాలుగు నెలలుంది ఇంకా.