నా వెనకే తొక్కు

యాభైకి దగ్గర పడుతుండగా ఆమె సైకిల్ కొనుక్కుంటే ఇంట్లో అందరూ నవ్వారు.

"కుట్టుమిషన్ తొక్కీ తొక్కీ కాళ్లకి ఇంకా తీట తీరలేదా?" అన్నాడు భర్త.

ఆమె నవ్వలేదు. క్యాన్సర్ వార్డులో మంచాలు పెంచడానికి విరాళాలు పోగుచేసే సైకిల్ యాత్ర కోసం కొన్నది అది. రెండు రోజులు తొక్కాలి. ఆమె అక్క ఆ వార్డు బయట, మంచం ఖాళీ లేక, నడవాలోనే ప్రాణం విడిచింది.

సాధన మొదలుపెట్టిన కొత్తల్లో ఒళ్లు హూనమైపోయింది. కూర్చోలేక దుకాణంలో నిలబడే గుడ్డలు కత్తిరించేది. ఇంటికొచ్చి మోకాళ్లకు కాపడం పెట్టుకునేది. ఎత్తు ఎక్కుతూ ఊపిరి అందనప్పుడల్లా బావ మొహం తలుచుకునేది. ఆ కోపానికి పెడళ్లు వాటంతటవే తిరిగేవి.

అక్క బట్టలన్నీ ఆమే కుట్టేది. అక్క పోయిన ఏడు, వేసవి రాకముందే ఒకే జాకెట్టు రెండుసార్లు బిగించాల్సి వచ్చింది. "బావా, అక్క చిక్కిపోతోంది, డాక్టరుకి చూపించండి" అని మొత్తుకుంది. "ఇంటికి రంగులేయించడం అయిపోనీ" అన్నాడాయన. రంగులు పూర్తయ్యేసరికి రోగం ముదిరిపోయింది.

యాత్రకు ముందు ఆదివారం జట్టంతా కలిసి దూరం తొక్కి చూసుకోవాలనుకున్నారు. తీరా వెళ్తే, కొత్త హెల్మెట్ పెట్టుకుని బావ నిలబడి ఉన్నాడు.

"మీ వాళ్లేగా, కలిసి తొక్కండి" అన్నాడు జట్టును నడిపిస్తున్న బేకరీ ఆయన.

ఆమెకు ఒళ్లు మండిపోయింది. సైకిలెక్కి దూసుకుపోయింది. వంతెన దాటాక ఆయాసం తీర్చుకోవడానికి ఆగితే జట్టంతా ఆమెను దాటిపోయింది. కాసేపటికి బేకరీ ఆయన ఫోన్ చేశాడు. "మీ బావగారు కనిపించడం లేదమ్మా. వెనక్కెళ్లి చూడగలిగేది మీరే, మేమందరం ముందుకొచ్చేశాం."

తిట్టుకుంటూనే వెనక్కి తిరిగింది. కాలవ గట్టున చైన్ ఊడిన సైకిల్ పక్కన, చేతులనిండా గ్రీజుతో కూర్చుని ఉన్నాడాయన.

"వచ్చావా, బుజ్జీ?"

"నన్నలా పిలవకండి. అసలెందుకొచ్చారు?"

"మీ అక్క కోసం…"

"అక్క కోసమా? బతికుండగా వేళకి ఆస్పత్రి గడప తొక్కించలేదు, పోయాక సైకిల్ తొక్కుతావా నువ్వు?"

ఆయన్ని "నువ్వు" అనడం ఆమెకు అదే మొదటిసారి. ఆయనకు కోపం రాలేదు. అది ఆమెను ఇంకా మండించింది.

"రంగులు వట్టి సాకు" అన్నాడు నేల చూస్తూ. "తను చిక్కిపోవడం నాకూ తెలుసు. చెయ్యి వేస్తే ఎముకలు తగిలేవి. డాక్టరు ఏం చెబుతాడోనని హడలిపోయాను. జబ్బుకి పేరు పెట్టకపోతే అది లేనట్టే అనుకున్నాను."

"భయం నీకు. నొప్పి అక్కకి."

ఆయన మోచేతిలో మొహం దాచుకుని ఏడ్చాడు. ఓదార్చాలని ఆమెకు అనిపించలేదు. గొంతు బొంగురుపోయేదాకా అరవాలనిపించింది, అరిచింది కూడా. దారినపోయే పాలవాడు బండి నెమ్మది చేసి చూసి, మనకెందుకులే అన్నట్టు వెళ్లిపోయాడు.

అరిచి అలిసిపోయాక ఆమె సైకిల్ తలకిందులు చేసి, చైన్ పళ్లకు తగిలించి, పెడల్ తిప్పి చూసింది.

"ఎక్కు. నా వెనకే తొక్కు. నోరెత్తావంటే కాలవలోకి తోసేస్తాను."

ఆయన గ్రీజు చేతులతోనే సైకిలెక్కి ఆమె వెనకే తొక్కాడు.

యాత్ర రెండో రోజు పెద్ద ఎత్తు దగ్గర ఆయన దిగి, సైకిల్ నడిపించుకుంటూ వచ్చాడు. ఆమె పైన ఆగి, ఎటో చూస్తూ, ఆయన వచ్చేదాకా నీళ్లు తాగింది. ఇద్దరూ చివరి వరకూ తొక్కారు. ఫొటో తీస్తామంటే మాత్రం బేకరీ ఆయన్ని తమ ఇద్దరి మధ్యలో నిలబెట్టింది.

మరుసటి వారం బావ ఫోన్ చేశాడు. "ఈ ఆదివారం తొక్కుతున్నావా?"

ఆమె కోపం ఎక్కడికీ పోలేదు.

"ఏడింటికి. ఆలస్యమైతే ఆగను" అని పెట్టేసింది.