ముందు లేచిన పంక్తి

"వడ్డించెటోళ్లు ముందుగాల తింటరా? ఎన్నిసార్లు చెప్పాలె నీకు?" రొట్టె తట్టడం ఆపకుండానే అంది మహాదేవమ్మ.

"మనం తింటుంటె చూస్తెనే గదా అత్తా, జనానికి ధైర్యమొచ్చేది." కోడలు బసమ్మ అప్పటికే వాకిలికి ఎదురుగా మూడు కంచాలు పెట్టేసింది. "లేకుంటె ఈ రొట్టెలు ఎవరికి పెడ్తరు, ఆవుకా?"

"ఒక్కదినం చూద్దాం, అవ్వా," అన్నాడు రేవణసిద్ధప్ప. కొడుకు కూడా అటువైపే మాట్లాడాక ఆమె ఊరుకుంది.

జహీరాబాద్ బజారులో వాళ్లు ఆ భోజనాల ఖానావళి పెట్టి ఇరవై ఏళ్లు. సంతకొచ్చినవాళ్లు జొన్నరొట్టె, పుంటికూర పప్పు కడుపునిండా తిని పోయేవాళ్లు. ఎండాకాలంలో గత్తర, అదే కలరా, వచ్చింది. ఇక్కడ మధ్యాహ్నం తిన్న బండివాడొకడు తెల్లారేసరికి చనిపోయాడు. ఊళ్లో ఇంకా చాలామంది పోయారు. జనానికి గుర్తున్నది మాత్రం ఆ ఒక్కడే. గోడలకు సున్నం కొట్టారు, నీళ్లు మరగబెట్టి పోశారు. రెండు నెలలైనా ఎవరూ గడప తొక్కలేదు.

రేవణసిద్ధప్పా, ఇద్దరు కూతుళ్లూ తింటుండగా మొగుడంపల్లి నుంచి అల్లం తెచ్చే నర్సప్ప వచ్చాడు. అలవాటుగా కాళ్లు కడుక్కుని లోపలికి అడుగుపెట్టి ఆగిపోయాడు.

"ఏం రేవణ్ణా, ఇయాల మీ పంక్తే ముందు లేస్తున్నదే!"

"కూసోండ్రి మామా. భయం లేదని చూపెట్టనీకి..."

"భయమైతె ఇంత దూరం వస్తనా?" నర్సప్ప నవ్వు పోయింది. సగమైన పప్పు గిన్నె వైపు చూశాడు. "ఇన్నేండ్ల సంది తింటున్న. మీరు తిన్నంక మిగిలింది ఎన్నడు పెట్టలే నాకు."

మహాదేవమ్మ పిండి చేతులతోనే లేచి వచ్చింది. "మల్ల పప్పేస్త అన్నా, జర కూసో."

"వద్దక్కా."

తువ్వాల దులుపుకొని పోయాడు. ఎదురు అంగట్లో మురమురాలు కొని, నిలబడే తినడం వాళ్లందరికీ కనిపిస్తూనే ఉంది. బసమ్మ ఒక తలుపు మూసింది.

సాయంత్రం మహాదేవమ్మే అందరికీ వడ్డించింది. నేను ముందే చెప్పలేదా అని ఒక్కమాటా అనలేదు. చిన్నపిల్ల రెండో రొట్టె అడిగితే ఇచ్చి, తన కంచం దగ్గరికి లాక్కుని చెప్పింది:

"రేపటి సంది ఈ పొయ్యి మన ఇంటి మందికే. గుండయ్య సావుకారి ఇంట్ల రొట్టెలు చేసెటామె కావాల్నట. నేను పోత."