బాపు ముందర సీసా

బీడీలు లెక్క చూసి తీసుకునే టేకేదార్ మహేందర్, గంగమణి తెచ్చిన కట్టల్లో ఒకటి విప్పి, నాలుగు బీడీలు వేళ్ల మధ్య దొర్లించి చూసి, కట్ట మొత్తం పక్కకు పారేశాడు.

"ఏందక్కా, గాలికి సుట్టినవా? మీ బాపు లెక్క కల్లు తాగి కూసుంటున్నవా ఏంది?"

వరుసలో ఉన్న ఆడవాళ్లు నవ్వారు. గంగమణి నవ్వలేదు. ఆరు నెలలుగా దారం ఒకచోట చుట్టబోతే వేళ్లు ఇంకోచోటికి పోతున్నాయి. ఆ పూట ఏడు కట్టలు తిరిగొచ్చాయి. బోధన్ గల్లీల్లో గోడలు పట్టుకుంటూ ఇల్లు చేరింది.

ఇంట్లో పెత్రమాస వంట అయింది. పోయినవాళ్లకు పెట్టుకునే రోజు. తల్లి నర్సవ్వ, చనిపోయిన తండ్రి భూమన్న ఫొటో ముందు విస్తరి వేసి అన్నం, మటన్ వడ్డించి, పక్కన కల్లు సీసా పెట్టింది. ఇరవై రెండేళ్లుగా అంతే.

చెరుకు కొట్టే భూమన్న నడక తూలినప్పుడు తాగిండన్నారు. మాట ముద్దయ్యాక ఇక అనుమానమే లేకపోయింది. "తాగలేదే" అని అతను ఎంత మొత్తుకున్నా నర్సవ్వ నోరు వాసన చూసేది. వాసన రాకపోతే సోంపు నమిలొచ్చిండని తలుపు వేసుకునేది. ఒక చలికాలం తెల్లారేసరికి అరుగు మీదే పోయాడు.

అన్న లింబయ్య కర్ర ఊతంగా వచ్చి గోడకు చేరగిలబడ్డాడు. అతని నడకా తూలుతుంది.

"రేపు నిజామాబాద్ పోవాలె అవ్వా," అంది గంగమణి. "అన్న ఆడ్నే పరీక్షకు రక్తమిచ్చిండు. ఇగ నువ్వియ్యాలె."

నడకను అదుపులో ఉంచే చిన్నమెదడు ఇద్దరికీ అరిగిపోతోందని హైదరాబాద్ డాక్టరమ్మ చెప్పింది. గంగమణి రక్తంలో ఒక జన్యువు మారి ఉందట. ఆ మార్పే కారణమని ఒక్క మనిషిని చూసి అనలేరట. జబ్బున్న అన్నలో అదే ఉండి, బాగున్న తల్లిలో లేకపోతే ఆ మాటకు బలమొస్తుందట.

"నాకేం రోగమే? మంచిగనే తిరుగుతున్న."

"గందుకే. నీ రక్తంల లేకుంటే గీ రోగం బాపు దిక్కు నుంచి అచ్చినట్టు."

నర్సవ్వ చేతిలో గరిటె ఆగింది. "అంటే గాయన తాగలేదంటవా?"

"రక్తం ఏమంటదో సూద్దాం."

"నేను రాను. తాగిండు. తాగే తూలిండు. ఊరంత సూసింది."

"నేను గూడ తూలుతున్న అవ్వా," అన్నాడు లింబయ్య, మాట మాట కూడదీసుకుంటూ. "నేనేం తాగిన్న?"

అతను ముందుకు వంగి సీసా కోసం చెయ్యి చాపాడు. వేళ్లు సీసా పక్కనుంచి పోయాయి. మళ్లీ చాపాడు. మళ్లీ తప్పింది. ఎవరూ అందించలేదు. మూడోసారికి దొరికింది. దాన్ని గుండెకు అదుముకుని, పాక్కుంటూ పోయి గడప బయట పెట్టాడు.

సీసా ఉన్నచోట నేల మీద గుండ్రటి తడి మిగిలింది. నర్సవ్వ దాన్ని కొంగుతో తుడిచింది.

"మరేం పెట్టాలె గీడ?" అంది. "గాయనకు ఏమిష్టమో నాకెర్కలేదు."